సింకు కింద సందు

"దొరికింది!" అని నేను అరిచిన అరుపుకి మా ఆయన హాల్లోంచి పరుగెత్తుకొచ్చారు. నేనేమో సింకు కింద, ఫోన్ టార్చి పట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాను.

ఎలుక ఎటునుంచి దూరుతోందో తెలీక, నెల రోజులుగా తలుపు కింద సందనీ, బాత్రూం జాలీ అనీ అనుమానించని చోటు లేదు. రాత్రి అమ్మ ఫోన్లో చెప్పినట్టు వంటింటి గోడల వెంబడి ముగ్గుపిండి పల్చగా చల్లి పడుకున్నా. పొద్దున్న చూస్తే బుల్లి బుల్లి పాదాలు, మధ్యలో తోక ఈడ్చిన గీత, తిన్నగా సింకు పైపు దగ్గరికి!

పైపు చుట్టూ ప్లంబరు పూడ్చకుండా వదిలేసిన సందు. రూపాయి బిళ్లంత ఉంటుందేమో. అంచు మాత్రం నల్లగా, జిడ్డుగా, నున్నగా తేలింది. ఎన్ని రాత్రులు ఒళ్లు రాసుకుంటూ దూరితే అలా అవుతుందో.

తల పడితే ఒళ్లూ పట్టేస్తుందట. మా బియ్యం తిని బలిసిన ఒళ్లు కూడానా?

వెంటనే సిమెంటు పూసేద్దామన్నారు ఈయన. అది ఇంట్లోనే ఉండిపోతే? ఏ అలమర వెనకో చచ్చి కంపు కొడితే? అందుకే ముందు పేపరు ఉండ కుక్కాం. రెండు రాత్రులు కదలకపోతే, అప్పుడు గిన్నెలు తోమే స్టీలు పీచు దట్టించి, పైన సిమెంటు. ఒట్టి సిమెంటైతే ఆరేలోపే తవ్వేస్తాయి.

ఇప్పుడు పదకొండున్నర. లైట్లు తీసేసి ఇద్దరం చెవులు రిక్కించి పడుకున్నాం.

ఆ చప్పుడు ఫ్రిజ్జుదేనా?