ఆరో నంబరు వెంట

టస్కలూసాలో మేమున్న అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. 2017 ఆగస్టులో ఎమ్మెస్ కోసం అలబామా యూనివర్సిటీకి వచ్చేనాటికి నాకు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. స్టూడెంట్ టికెట్ మీద మొదటి మ్యాచ్‌కి వెళ్తున్నానని చెబితే ఆయన ఒక్కటే చెప్పారు: "బంతిని చూడకు. ఒక ఆటగాణ్ణి ఎంచుకుని అతన్నే చూడు."

బ్రయంట్-డెన్నీ స్టేడియంలో లక్షమంది పడతారు. పై వరసలో కూర్చుంటే ఆటగాళ్ళు వేళ్ళంత కనిపిస్తారు. అందులోంచి నేను ఆరో నంబరు కుర్రాణ్ణి పట్టుకున్నాను. కారణం పెద్దదేమీ కాదు, అందరికంటే సన్నగా ఉన్నాడు. ఆరడుగుల పైన ఎత్తు, బరువు మాత్రం 77 కిలోల దగ్గర. పేరు డెవాంటా స్మిత్, లూసియానాలోని అమీట్ అనే చిన్న ఊరివాడు. నాలాగే ఆ ఏడాదే కాలేజీలో చేరాడు.

అతను వైడ్ రిసీవర్. అంటే మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే ముందే అనుకున్న దారిలో పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకునేవాడు. టీవీలో చూస్తే అంతే అనిపిస్తుంది. కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి రిసీవర్ తెరమీదకి వచ్చేది చివరి రెండు సెకన్లే. స్టేడియంలో ఒక్క మనిషినే చూస్తూ కూర్చుంటే వేరే సంగతి తెలుస్తుంది. బంతి తనకు రాదని తెలిసిన ఆటలో కూడా అతను అదే వేగంతో పరిగెత్తాలి. లేకపోతే కాపలా కాసేవాడు పసిగట్టేస్తాడు. బంతి పట్టుకుని వేరేవాడు పరిగెత్తుతుంటే తనకంటే పది కిలోలు ఎక్కువ బరువున్నవాడికి అడ్డం వెళ్ళి నిలబడాలి. ఆ సన్నటి కుర్రాడు ఎప్పుడూ వెనకాడేవాడు కాదు. నేను అతన్ని ఇష్టపడింది క్యాచ్‌ల వల్ల కాదు, ఈ అడ్డం నిలబడటం చూసే.

మొదటి సీజన్ మొత్తంలో అతను పట్టింది ఎనిమిది క్యాచ్‌లు. ఆ ఎనిమిదోది 2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన కాలేజీ జట్ల నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో. ప్రత్యర్థి జార్జియా యూనివర్సిటీ. సగం ఆటకి 13-0తో వెనకబడితే కోచ్ నిక్ సేబన్ తన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, టువా టాగోవైలోవా అనే మొదటి ఏడాది కుర్రాణ్ణి దింపాడు. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. జార్జియా మూడు పాయింట్లు కొట్టింది. మా వంతులో మొదటి ఆటకే టువాని 16 గజాలు వెనక్కి పడేశారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్ళాల్సినచోట ఇప్పుడు 26. టస్కలూసాలో మా హాల్లో టీవీ ముందు ఆరుగురం ఉన్నాం, ఒక్కరూ మాట్లాడలేదు. ఇండియాలో అప్పుడు పొద్దున పదిన్నర దాటింది. అమ్మ ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

టువా ముందు కుడివైపు చూశాడు. వెనక కాపలా ఉన్న సేఫ్టీ అటు జరిగాడు. ఎడమ అంచున స్మిత్ తన మనిషిని దాటేసి నేరుగా పరిగెత్తుతూనే ఉన్నాడు. 41 గజాలు, టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం, ఆరు పాయింట్లు), 26-23తో గెలిచాం. కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ "అరేయ్, నీ సన్నోడే రా!" అని నా వీపు మీద చరిచాడు. నాకు ఏడుపొచ్చింది.

అంత గొప్ప క్యాచ్ పట్టినా మర్నాటి నుంచి అన్నీ తనవైపు తిరగలేదు. జెరీ జూడీ, హెన్రీ రగ్స్, జేలెన్ వాడిల్ అనే రిసీవర్లూ అదే జట్టులో ఉన్నారు. స్మిత్‌తో కలిపి నలుగురూ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్లోనే వెళ్ళినవాళ్ళు. ఉన్నది ఒక్క బంతి. 2019 సెప్టెంబరులో ఓలె మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ జట్టు) మీద మ్యాచ్‌కి బర్మింగ్‌హామ్ నుంచి కారు నడుపుకుంటూ వెళ్ళాను, అప్పటికి అక్కడ ఉద్యోగం. ఆ రోజు అతను 11 క్యాచ్‌లు, 274 గజాలు, 5 టచ్‌డౌన్లు చేశాడు. గజాల్లోనూ టచ్‌డౌన్లలోనూ యూనివర్సిటీ రికార్డు. పెద్దాయన పక్కనే ఉన్నారు. నాలుగో టచ్‌డౌన్ తర్వాత ఆయన చప్పట్లు కొట్టడం మానేసి మౌనంగా చూస్తూ కూర్చున్నారు.

ఆ సీజన్ అయ్యాక ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిపోవచ్చు. జూడీ, రగ్స్ వెళ్ళారు. ఇతను ఉండిపోయాడు. 2020లో కోవిడ్ వల్ల స్టేడియంలో అయిదో వంతు జనాన్నే రానిచ్చారు. నేను టీవీకే అతుక్కుపోయాను. అక్టోబరులో వాడిల్ చీలమండకి దెబ్బ తగిలి పడిపోయాక భారం మొత్తం స్మిత్ మీద పడింది. బంతి ఎవరికి వెళ్తుందో ఎదుటి జట్టుకి తెలుసు, అయినా ఆపలేకపోయారు. డిసెంబరులో సొంత రాష్ట్రం లూసియానాలో, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద, కాపలా కాస్తున్న డెరెక్ స్టింగ్లీ మీదుగా గాల్లోకి లేచి ఒంటి చేత్తో పట్టిన క్యాచ్ ఇప్పటికీ నెలకోసారి చూస్తాను. మొత్తం 117 క్యాచ్‌లు, 1,856 గజాలు, 23 టచ్‌డౌన్లు. 2021 జనవరి 5న, ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికి ఓట్లేసి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికి ప్రకటించారు. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత అప్పటిదాకా మరే రిసీవర్‌కీ అది దక్కలేదు. ఒడ్డూ పొడుగూ లేని పిల్లలు వెనక్కి తగ్గొద్దని ఆ వేదిక మీంచి చెప్పాడు. నేను వెంటనే పెద్దాయనకి ఫోన్ చేశాను. "అతను అడ్డం నిలబడింది ఓటేసినవాళ్ళలో ఎంతమంది చూశారంటావ్?" అన్నారు ఆయన.

ఆరు రోజులకి ఒహాయో స్టేట్ మీద ఫైనల్. సగం ఆటలోనే 12 క్యాచ్‌లు, 215 గజాలు, 3 టచ్‌డౌన్లు. రెండో సగం మొదట్లోనే వేలికి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. 52-24తో గెలిచారు. అతని కాలేజీ ఆట అక్కడితో అయిపోయింది.

2025 ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది, అమీట్ నుంచి కారులో గంటా గంటంబావు దూరం. అప్పుడు స్మిత్ ఆడుతున్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్, ఆ రాత్రి అట్లాంటాలో బెంచి మీద కూర్చున్న జేలెన్ హర్ట్స్. స్మిత్‌కి 46 గజాల టచ్‌డౌన్ విసిరాడు. టీవీలో మామూలుగానే చివరి రెండు సెకన్లు కనబడ్డాయి. రీప్లేలో పైనుంచి తీసింది వేసినప్పుడు నేను సోఫాలోంచి లేచి, బంతి వదిలేసి, గీత దగ్గర నుంచి అతని పరుగు మొదలుపెట్టి చూశాను.