అర్థం వచ్చు, వాడకం రాదు: చైనీస్ విద్యార్థులకు పై స్థాయి ఇంగ్లీష్ పదాలు

చైనా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్పే తెలుగువాళ్లకు ఈ రకం విద్యార్థి తప్పకుండా తగులుతాడు. కాలేజీలో సీఈటీ-6 (చైనా కాలేజీ విద్యార్థుల ఇంగ్లీష్ పరీక్షలో పై స్థాయి) పాసై ఉంటాడు. ఆగ్మెంట్ (పెంచడం), మిటిగేట్ (తీవ్రత తగ్గించడం) అంటే టక్కున అర్థం చెప్పేస్తాడు. వాక్యం రాయమంటే మాత్రం 'గెయిన్ నాలెడ్జ్', 'ద ప్రైస్ ఈజ్ హై' అనాల్సినచోట 'లెర్న్ నాలెడ్జ్', 'ద ప్రైస్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్' అని రాస్తాడు.

కారణం అతను చదివిన పదాల పట్టీ. ఒక ఇంగ్లీష్ మాట, పక్కన ఒక చైనీస్ మాట, అంతే. ఇంక్రీజ్‌కీ, ఆగ్మెంట్‌కీ పక్కన ఒకటే 'జంగ్‌జ్యా' ఉంటే, 'పాపులేషన్ ఆగ్మెంటెడ్' అని రాయడంలో అతని తప్పేముంది? (ఆ పట్టీల్లో మొదటి మాట 'అబాండన్', అంటే వదిలేయడం అనీ, చాలామంది చదువు అక్కడే ఆగిపోతుందనీ వాళ్లలో పాత జోకు.) పైగా చైనీస్‌లో లైటును 'తెరుస్తారు', మందు 'తింటారు', వాన 'పెద్దది'. ఆ జతలన్నీ ఇంగ్లీష్‌లోకి దిగిపోతాయి.

అందుకని పదాలు గుర్తుపెట్టుకోవడానికి రాసుకునే ఫ్లాష్ కార్డు చేసే పద్ధతి మార్చాలి. ముందు వైపు ఖాళీ ఉన్న వాక్యం, మొదటి అక్షరాలు మాత్రమే ఇచ్చి: 'ట్రీస్ కెన్ మిటి____ ద ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్'. వెనక వైపు మాట, దానితో వచ్చే మూడు జతలు (రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్), ఒక హెచ్చరిక: దీని తర్వాత 'అగైన్‌స్ట్' రాదు, అది మిలిటేట్‌ (వ్యతిరేకంగా పనిచేయడం) అనే మాటతో వస్తుంది. చైనీస్ అర్థం చివర్న చిన్నగా. అసలు చైనీసే రాయొద్దనే టీచర్లతో నేను ఏకీభవించను. తొలి పరిచయానికి అంత త్వరగా పనిచేసేది ఇంకోటి లేదు. రోజుకి పది కార్డులు చాలు. అందులో సగం ముందే తెలిసిన మాటలకు కొత్త జతలు. 1, 3, 7, 16, 35 రోజులకు తిరగేయాలి. రోజుకి వంద పెట్టుకున్నవాళ్లు పాత కార్డుల కుప్ప కింద పడి రెండు వారాల్లో మానేస్తారు.

పద భాగాలు వాళ్లకు మనకంటే సులువుగా ఎక్కుతాయి. కాలేయ వాపు 'గాన్‌యెన్', మూత్రపిండాల వాపు 'షెన్‌యెన్'; ఆ 'యెన్' ఉన్నచోట ఇంగ్లీష్‌లో 'ఐటిస్' అని చూపిస్తే హెపటైటిస్, నెఫ్రైటిస్ ఒక్క గంటలో వచ్చేస్తాయి. దెబ్బతినేది 'ఇన్' దగ్గర: ఇన్‌వాల్యుబుల్ అంటే విలువలేనిది, ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకుంటారు; నిజానికి మొదటిది వెలకట్టలేనిది, రెండోది సులువుగా మండేది. ఇలాంటివి విడిగా ఓ పేజీలో రాయించండి.

'చెంగ్‌గోంగ్' అన్న ఒక్క మాటే సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్ మూడింటి పనీ చేస్తుంది. కాబట్టి కొత్త మాట ఏదొచ్చినా నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం నాలుగు గడులూ నింపించాలి. అడాప్ట్–అడోప్ట్, కాంటెస్ట్–కాంటెక్స్ట్ కలిపేసేవాళ్లకు పుస్తకం మూయించి, విని రాయించడమే మందు. కంటితో ఆకారం గుర్తుపెట్టుకునే అలవాటు అక్కడ చెల్లదు.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది మాటకుండే మంచీ చెడూ. 'ష్వెన్‌చ్వాన్' చైనీస్‌లో మామూలు మాట, ప్రచారం. దాన్ని ప్రొపగాండా అని రాస్తే, తన కంపెనీ అబద్ధాలు ప్రచారం చేస్తోందని అతనే ఒప్పుకున్నట్టు. పబ్లిసిటీ, ప్రమోషన్, క్యాంపెయిన్ పక్కపక్కన పెట్టి నిజమైన వార్తల వాక్యాలు చూపించాలి.

ఏ మాటలు ఎంచుకోవాలి? భాషా పరిశోధకురాలు ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యారంగ పదాల జాబితాలో 570 పద కుటుంబాలున్నాయి (ఒక మూల పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం), ముందు అవి. పదజాలం మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ లెక్క ప్రకారం నవలలు, పత్రికలు సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 కుటుంబాలు కావాలి. 570 అయ్యాక పట్టీలు పక్కన పెట్టి, విద్యార్థి తన రంగంలో రోజూ చదివేదాంట్లోంచే ఏరాలి. రెండు వారాల్లో రెండుసార్లు ఎదురైన మాటకే కార్డు. ఒక్కసారి కనిపించి మాయమైనదాన్ని పోనివ్వండి.