ముగ్గు పోశారు, పునాది ఏది?

మా చిన్నమ్మకు ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలో మా ఊరు. పెళ్లయినప్పటి నుంచీ రేకుల ఇంట్లోనే ఉన్న మనిషి, ముగ్గు పోసిన రోజు కొబ్బరికాయ కొట్టి వాడంతా బెల్లం పంచింది.

పథకం వినడానికి తేలికే. సొంత జాగాలో మనమే కట్టుకోవాలి. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మొత్తం 5 లక్షలు, విడతలుగా ఇస్తారు. ఇక్కడే ఉంది చిక్కు. మొదటి లక్ష పడేది బేస్‌మెంట్ అయ్యాక, ఫోటో యాప్‌లో ఎక్కాక. మరి ఆ బేస్‌మెంట్ దేంతో కట్టాలి? జేసీబీ, రాయి, కంకర, సిమెంటు, మేస్త్రీ అడ్వాన్సు. ఇసుక ఉచితమే, ట్రాక్టర్ కిరాయి మాత్రం మనదే. చిన్నమ్మకు లక్షా పదిహేను వేలయింది. మహిళా సంఘంలో కొంత లోను తీసుకుంది, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది.

పైగా ఊళ్లో అందరికీ ఒక్కసారే ముగ్గులు పోశారు. ఉన్నది ముగ్గురు మేస్త్రీలు. మొన్నటిదాకా పిలిస్తే వచ్చినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కూలి పెరిగింది, సెంట్రింగ్ సామానుకు వంతు. ఆ 5 లక్షలు మాత్రం 5 లక్షలే.

అయినా సర్కారే కట్టి ఇచ్చిన పాత డబుల్ బెడ్రూం పద్ధతికంటే ఇదే నయమంటాను. హైదరాబాద్ శివారు కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు. ఇల్లు బాగున్నా, పని సిటీలో ఉన్నవాళ్లకు రోజూ ఎంత దూరం! ఇక్కడ ఊరు వదలక్కర్లేదు, పొయ్యి ఏ మూల పెట్టాలో చిన్నమ్మే చెప్పింది. కాకపోతే చేతిలో ఓ లక్ష ఆడేవాళ్లకే ఇది ముందుగా అందుతోంది.

బిల్లులు ఎత్తుకుని ఇల్లు కట్టని కథలు మనకు తెలియనివి కావు, అందుకే ఈ జాగ్రత్త. సరే, సర్కారు ముందే డబ్బు ఇవ్వొద్దు. ముగ్గు పోసిన వారంలో పునాదికి సరిపడా సిమెంటు, రాడ్డు ఇంటి ముందు దింపించి, మొదటి బిల్లులో కోసుకోండి. అమ్ముకుంటారంటారా? మా ఊళ్లో ముప్పై బస్తాలు గప్‌చుప్‌గా అమ్మగలిగితే వాళ్లకు దండం పెట్టాలి.

ఎదురింటి అక్కకు కూడా మంజూరైంది. భర్త లేడు, కూలికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. ఆమె ముగ్గు వానకు రెండుసార్లు కొట్టుకుపోయింది.

పోయిన ఆదివారం చిన్నమ్మ ఇంటి స్లాబ్ పోశాం. మేస్త్రీలకు మటన్ దావత్ కూడా అయింది. ఆ అక్క మా స్లాబ్‌కే గంపలు మోసింది. సాయంత్రం కూలి తీసుకుంటూ మేస్త్రీని అడిగింది: "అన్నా, నాదెప్పుడు మొదలువెడ్తవ్?"

"అడ్వాన్సు ఇయ్యి చెల్లె, రేపే వస్త."