పరీక్ష పెట్టడం నేర్చుకున్న వైనం

మనోవిజ్ఞాన పరీక్షల పేర్లు తెలిసినవారికి మన దగ్గర కొదవ లేదు. బీఈడీ చదివినవారినీ, టెట్‌కూ డీఎస్సీకీ కూర్చున్నవారినీ నిద్రలో లేపి అడిగినా ‘మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించి వందతో గుణిస్తే ప్రజ్ఞాలబ్ధి’ అని గడగడా అప్పజెప్పేస్తారు. నేనూ ఆ బాపతే. కొన్నేళ్లు ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పి, ఆ తరువాత హైదరాబాద్‌లో ఎం.ఏ. సైకాలజీలో చేరాను. బినే, సైమన్ కలిసి 1905లో పారిస్‌లో ప్రజ్ఞా పరీక్ష తయారుచేశారని తెలుసు. మాటలతో కాక చేతులతో చేయించే భాటియా ప్రజ్ఞా పరీక్షలో ఐదు ఉపపరీక్షలుంటాయనీ తెలుసు. ఆ పరీక్షల పెట్టె ఒక్కటి కూడా అప్పటివరకు కంటితో చూడలేదు.

మొదటి ఏడాది ప్రాక్టికల్స్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. క్లాసులో పక్కనున్నవారికి మేము, మాకు వారు పరీక్ష పెట్టుకున్నాం. బొమ్మలో లోపించిన ముక్కను ఎంచే రావెన్ మాత్రికలు 60 ఉంటాయి, ఐదు సెట్లు, సెట్టుకు 12. రెండో వారానికే అందరికీ సమాధానాలు నోటికి వచ్చేశాయి. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితాలు, చర్చ అంటూ సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాశాం. విశ్వసనీయత (మళ్లీ పెట్టినా అదే ఫలితం రావడం), సప్రమాణత (కొలవవలసినదాన్నే కొలవడం) వంటి పాఠాలు మాత్రం మా సార్లు చాలా బాగా చెప్పారు, ఆ మాట అనకపోతే అన్యాయం. కానీ స్నేహితురాలికి పరీక్ష పెడితే వచ్చేది పెట్టె తెరవడం, మూయడం మాత్రమే.

అసలు శిక్షణ రెండో ఏడాది పిల్లల క్లినిక్‌లో మొదలైంది. మాకు పర్యవేక్షకురాలిగా ఉన్న మేడమ్ క్లినికల్ సైకాలజిస్టు. గది మూలలో కుర్చీ వేసుకుని, మేము పరీక్ష పెడుతుంటే నోరు మెదపకుండా చూసేవారు. పిల్లవాడు వెళ్లాక మాట్లాడేవారు. ఆవిడ మొదట పట్టుకున్నది మా బ్యాచ్‌లోని టీచర్లనే. పిల్లవాడు సరైన ముక్క మీద చెయ్యి వేయగానే మా మొహాలు వెలుగుతాయి. తప్పు ముక్క తీస్తే కనుబొమ్మలు లేస్తాయి. ‘సరిగ్గా చూడు నాన్నా’ అనే మాట పెదవి దాకా వస్తుంది. “ఏమమ్మా, బడి ఇంకా వదల్లేదా? ఆ మాట మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపించు” అనేవారు మేడమ్. ప్రశ్న ఎలా అడగాలి, ఎన్నిసార్లు అడగవచ్చు, ఎన్ని సెకన్లు ఆగాలి అన్నీ మాన్యువల్‌లో రాసి ఉంటాయి. ఏ వయస్సు పిల్లలు ఎంత చేస్తారో చెప్పే ప్రమాణాల పట్టిక తయారుచేసినప్పుడు వందలాది పిల్లలకు ఆ మాటలతోనే పరీక్ష పెట్టారు. మనం ఒక్క మాట ఎక్కువ అంటే ఆ పట్టికతో పోల్చే హక్కు పోతుంది. పిల్లవాడి ప్రయత్నాన్ని మెచ్చుకోవచ్చు, సమాధానాన్ని మెచ్చుకోకూడదు. చదవడానికి చిన్న మాటే కానీ, ఏళ్ల తరబడి ‘వెరీ గుడ్’ అంటూ బతికినవారికి అది ఒంటబట్టడానికి చాలా నెలలు పట్టింది.

ఇంత పట్టింపు ఎందుకో మాకు లెక్కతో సహా చూపించారు. బినే పరీక్షకు భారతీయ రూపమైన బినే–కామత్ పరీక్షలో ఐదు, ఆరు, ఏడు ఏళ్ల వంటి స్థాయుల్లో ఒక్కోదానికి ఆరు అంశాలుంటాయి. అంశానికి రెండు నెలల మానసిక వయస్సు. ఎనిమిదిన్నరేళ్ల పిల్లవాడిని, అంటే 102 నెలల వాడిని తీసుకుందాం. ఐదేళ్ల స్థాయిలో అన్నీ చేశాడు, 60 నెలలు. ఆరేళ్ల స్థాయిలో నాలుగు, ఏడేళ్ల స్థాయిలో రెండు చేశాడు, ఎనిమిదేళ్ల స్థాయిలో ఒక్కటీ చేయలేదు. మొత్తం 72 నెలలు, ప్రజ్ఞాలబ్ధి 71. ఒక్క అంశం తగ్గితే 70 నెలలు, ప్రజ్ఞాలబ్ధి 69. స్వల్ప స్థాయి మేధో వైకల్యం అనే గీత 70కి దిగువన మొదలవుతుంది. గీతకు దిగువన ఉంటే ప్రభుత్వ సాయానికి వైకల్య సర్టిఫికెట్టులో ఉండవలసిన 40 శాతం వస్తుంది, ఎగువన ఉంటే రాదు. సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డే, మా కాగితం ఒక్కటే దాన్ని తేల్చదు. అయినా మన కనుబొమ్మ విలువ రెండు నెలలని తెలిశాక ఎవరికైనా వెన్ను నిటారవుతుంది. పిల్లవాడిని గెలిపించామనుకుని ఇచ్చే సైగ వాడికి రావలసిన సాయాన్నే తప్పించవచ్చు. బినే తన పరీక్షను తయారుచేసింది బడిలో ప్రత్యేక సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికే కదా!

ఇక తల్లిదండ్రులతో మాట్లాడటం వేరే విద్య. పిల్లవాడు రోజువారీ పనులు తానే ఎంతవరకు చేసుకుంటాడో చూసే వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత మాపనికి మాలిన్ చేసిన భారతీయ రూపంలో 89 అంశాలున్నాయి. పిల్లవాడిని కాదు, వాడిని పెంచేవారిని అడిగి నింపాలి. కొత్తగా వచ్చిన తల్లి “అన్నీ చేస్తాడు మేడమ్, కాస్త మొండి” అంటుంది. పింఛను సంగతి ఎవరో చెప్పి పంపిన తల్లి “ఏమీ చేయడు మేడమ్” అంటుంది. ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు కాదు, ఇద్దరికీ వేర్వేరు భయాలు. అందుకే ‘చేయగలడా’ అని అడగకూడదని నేర్పారు. “ఈ రోజు పొద్దున చొక్కా ఎవరు వేశారమ్మా? గుండీలు ఎవరు పెట్టారు?” అని అడగాలి. అన్నం సంగతి వస్తే మరీ జాగ్రత్త. ఏడేళ్లు వచ్చినా ముద్దలు కలిపి నోట్లో పెట్టే ఇళ్లు మనకు తక్కువేమీ కాదు. అక్కడ పిల్లవాడికి తినడం రాదా, లేక అమ్మమ్మకు మనసొప్పదా అన్నది తేల్చుకోవాలి. వెంట అమ్మమ్మ వచ్చి ఉంటే సగం పని తేలిక. తల్లి చెప్పినదాన్ని అక్కడికక్కడే కాదంటుంది.

పెట్టె తెరవడానికి ముందు చేయవలసినవాటి గురించి మా సిలబస్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో తెల్లవారుజాము బస్సెక్కి వచ్చిన పిల్లవాడు ఏమైనా తిన్నాడా? మూర్ఛకు మాత్రలు వాడుతుంటే ఎన్ని గంటలకు వేసుకున్నాడు, ఇప్పుడు మగతగా ఉన్నాడా? వినికిడి పరీక్ష ఎప్పుడైనా చేయించారా? మందమతి అని బడివారు పంపిన పిల్లల్లో సరిగా వినబడనివారు ఉంటారు. తండా నుంచి వచ్చి ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు తెలుగులో ప్రశ్నలడిగి, ఆమె మౌనాన్ని సున్నాగా రాస్తే అది పరీక్షే కాదు. అలాంటప్పుడు రావెన్ రంగుల మాత్రికలు, సెగ్విన్ ఫారం బోర్డు వంటి మాటలతో పని లేనివి ముందుకు తీయాలి. ఆ బోర్డులో పది చెక్క ఆకారాలుంటాయి. వాటిని పిల్లవాడు మూడుసార్లు అమర్చాలి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకోవడాన్ని మేడమ్ ఒప్పుకునేవారు కాదు. ఫోను కనబడితే పిల్లవాడి కళ్లు బోర్డు మీద ఉండవు.

నాకు నచ్చని సంగతి కూడా చెబుతాను. పిల్లల ప్రజ్ఞకు మేము ఎక్కువగా వాడింది వెక్స్లర్ ప్రజ్ఞా మాపనికి అదే మాలిన్ 1969లో చేసిన భారతీయ రూపం. దాదాపు అరవై ఏళ్ల కిందటి పిల్లలతో నేటి పిల్లలను పోలిస్తే అంకె సాధారణంగా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. కొత్త పరీక్షల పెట్టెలు ఖరీదు. కొన్నిచోట్ల ప్రశ్నపత్రాల ఫొటోకాపీలతోనే విద్యార్థులకు ‘శిక్షణ’ ముగుస్తుంది. విశ్వవిద్యాలయాలు కంప్యూటర్ ల్యాబులకు పెట్టే ఖర్చులో కొంత ఇటు తిప్పితే బాగుంటుంది. ఫొటోకాపీలతో మరో ప్రమాదం, ప్రశ్నలు బయటికి పొక్కడం. అందుకే ఇక్కడ కూడా ఒక్క ప్రశ్న రాయలేదు, గమనించే ఉంటారు.

చివరి మెట్టు నివేదిక. ‘పిల్లవాడు సహకరించలేదు’ అని రాస్తే ఎర్ర సిరా పడేది. ఏం చేశాడో రాయాలి. ఫ్యాను వైపు చూశాడా, ప్రశ్న పూర్తికాకముందే లేచాడా, బొమ్మలకు ఉత్సాహపడి మాటల ప్రశ్నలకు తల దించుకున్నాడా? అంకెను ఒంటరిగా రాయనిచ్చేవారు కాదు. ఎంత అటూ ఇటూ కావచ్చో పక్కనే ఉండాలి. ఆ తరువాతి పేరా మీద ఆవిడ ఎక్కువ సమయం పెట్టించేవారు. స్పీచ్ థెరపీకి పంపాలా, ప్రత్యేక విద్య కావాలా, ఇంట్లో తల్లి రేపటి నుంచి ఏం మొదలుపెట్టవచ్చు? పరీక్ష జరిగేటప్పుడు నాలో బిగపట్టి ఉంచిన టీచరుకు అక్కడ పగ్గాలు వదలవచ్చు. ఆ పేరాలు నేనే కాస్త పొడుగ్గా రాసేదాన్ని.

ఇంతా నేర్చుకున్నా నివేదికల కింద చెల్లే సంతకం మేడమ్‌దే. నా పేరు ‘పరీక్ష నిర్వహించిన విద్యార్థిని’ అనే వరుసలో ఉండేది. ఎం.ఏ. పట్టా ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికి వీల్లేదు. భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. సీట్లు కొన్నే, పోటీ చాలా. ప్రస్తుతం ఆ కోర్సు ప్రవేశ పరీక్షకే చదువుతున్నాను.