డబ్బాడు బియ్యానికి గిన్నెడు కుయ్‌తియవ్

ఆరు కాకుండానే తమ్ముడు లేపేశాడు. "అక్కా, ఇప్పుడు వెళ్తేనే కుయ్‌తియవ్ నూడుల్స్ దొరికేది. తొమ్మిదయితే గిన్నె ఖాళీ" అన్నాడు. వాడు ఉద్యోగం మీద కాంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ వచ్చి మూడేళ్లయింది. ఉండేది తూల్ తాంపూంగ్ పేటలో. అక్కడి పెద్ద బజారుని బయటివాళ్లు రష్యన్ మార్కెట్ అంటారు. 1980లలో ఊళ్లో ఉన్న సోవియట్ వాళ్లు అక్కడే సరుకులు కొనేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. మేం బజారుకి కాదు, ఆ పక్క సందుల్లోకి వెళ్లాం.

నిజానికి నాకు ఆ పూట ఏమీ తినబుద్ధి కాలేదు. ముందురోజు తూల్ స్లెంగ్ చూసొచ్చాను. అదొకప్పుడు హైస్కూలు. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో దాన్ని జైలు చేసి వేలమందిని చిత్రవధ చేశారు. గోడల నిండా ఖైదీల ఫొటోలు, వాటిలో పసిపిల్లలవి కూడా. రాత్రంతా ఆ కళ్లే కనబడ్డాయి. "నువ్వు తినకపోయినా ఫర్వాలేదు, వచ్చి కూర్చో చాలు" అని వాడు బతిమాలితే వెళ్లాను.

కొట్టంటే ఓ పాత మేడ కింది గది. ఇనప తలుపు పూర్తిగా పక్కకి తోసేసి ఉంది. వీధి అంచున అద్దాల బండి, దాని పక్కన నడుమెత్తు గిన్నె, లోపల ఆరేడు స్టీలు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు. గోడ మూల నేలమీద ఎర్రటి చిన్న మందిరం, అందులో వెలుగుతున్న అగరొత్తులు. బండి దగ్గర డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన పెద్దావిడ. తమ్ముడు ఆవిణ్ణి "యాయ్" అన్నాడు. అంటే అమ్మమ్మ. ఇక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా వరస పెట్టే పిలుస్తారు. అమ్మ కంటే చిన్నదైతే మీంగ్, పెద్దదైతే ఓం. మన పిన్ని, పెద్దమ్మ లెక్కే.

ఆవిడ నా మొహం చూసి ఏదో అడిగింది. "అన్నం తిన్నావా అంటోంది" అన్నాడు తమ్ముడు. ఇక్కడి ఖ్మేర్ భాషలో ఏం తిన్నా 'న్యాం బాయ్', అన్నం తినడమే. మనలాగే కుశలప్రశ్న కూడా అదే. ఆ ఒక్క మాటతో నాకు గొంతు పట్టేసింది.

కుయ్‌తియవ్ అన్నది చైనా నుంచి వలసొచ్చిన తియోచూ వాళ్లు తెచ్చిన మాట, తెచ్చిన వంట. సన్నటి బియ్యం నూడుల్స్, దాని మీద ఎముకల చారు. కాంబోడియాలో ఇది ముఖ్యంగా పొద్దుటి తిండి. ఇక్కణ్ణుంచి సైగాన్‌కి వెళ్లి అక్కడ 'హూ తియు నామ్ వాంగ్' అయింది. నామ్ వాంగ్ అంటే వియత్నాం వాళ్లు ఫ్నోమ్ పెన్‌కి పెట్టుకున్న పేరు. మా ఇంట్లో పంది మాంసం వండరు. అందుకని తమ్ముడు నాకు రొయ్యలూ స్క్విడ్డూ వేసేది చెప్పాడు. దాని పేరు విని ఉలిక్కిపడ్డాను: 'గ్రుంగ్ సమోత్'. ఆ సమోత్ మన సముద్రమే. వచ్చేదారిలో ఓ పెద్ద హోటల్ బోర్డు కూడా వాడు చదివి వినిపించాడు, ఫొచనీయఠాన్. అక్షరం అక్షరం విడగొట్టి చూస్తే భోజనీయస్థానం. (శాకాహారులకు ఒక మాట: పైన ఏ మాంసం వద్దన్నా, చారు మాత్రం పంది ఎముకలదే అవుతుంది చాలాచోట్ల. తేటగా ఉంది కదా అని నమ్మకుండా అడగండి. నేను అడిగాను, తెలిసే తిన్నాను.)

ఆవిడ చేతులు చూస్తూ నిలబడిపోయాను. నానిన నూడుల్స్ గుప్పెడు, పొడుగు పిడి ఉన్న తీగ జల్లెడలో వేసి మరిగే నీళ్లలో ముంచింది. పది లెక్కపెట్టేలోపు పైకెత్తి రెండుసార్లు గట్టిగా విదిల్చింది. గిన్నెలో పడగానే వెల్లుల్లి వేయించిన నూనె ఒక చెంచా పోసి చాప్‌స్టిక్స్‌తో కలిపింది, అంటుకోకుండా. రొయ్యలు, స్క్విడ్ ముక్కలు పేర్చి, పెద్ద గరిటెతో చారు పోసి, ఉల్లికాడలు, కొత్తిమీర, ఎర్రగా వేగిన వెల్లుల్లి, మిరియాల పొడి. అంతా నిమిషంలో అయిపోయింది. కానీ ఆ చారు వెనక రాత్రంతా ఉంది. ఎముకలు ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ నీళ్లు పోసి, ఎండు స్క్విడ్, ఉప్పులో ఊరి ఎండిన ముల్లంగి, కొంచెం పటికబెల్లం వేసి సన్నటి సెగమీద ఉంచాలి. తెట్టె కట్టినప్పుడల్లా తీసేస్తూ ఉండాలి. కుతకుతా మరిగిందా, తెల్లగా మసకబారిపోతుందట. నా గిన్నెలో అడుగున ఉన్న పూల బొమ్మ స్పష్టంగా కనబడింది.

గిన్నెతో పని అయిపోదు. బల్లమీద పెసర మొలకలు, పాలకూరలా లేతగా ఉన్న లెట్యూస్ ఆకులు, నిమ్మచెక్కలు, చేపల సాస్, మిరపకాయ ముద్ద, చక్కెర, ఊరేసిన పచ్చిమిర్చి ఉన్నాయి. ఎవరి గిన్నె వాళ్లే పూర్తి చేసుకోవాలి. నేను నేరుగా మిరపముద్దకి చెయ్యి చాపాను. యాయ్ అవతలి నుంచి చూసి వచ్చి, నా చెంచాతో చారు కొంచెం తీసి నోటికందించింది, ముందిది అన్నట్టు. తీపి, ఉప్పు, ఎండిన సముద్రపు వాసన, వెల్లుల్లి. ఆ తర్వాత నిమ్మ పిండింది. ఆ తర్వాతే కారం. ఆ వరస ఎందుకో మొదటి చెంచాకే అర్థమైంది. ముందే కారం కలిపి ఉంటే రాత్రంతా కాచిన చారు నాకు తెలిసేదే కాదు. పక్క బల్లవాళ్లను చూసి నేనూ జంట కర్రల్లా అతికిన మైదా వేపుడు, 'ఛా ఖ్వై', తుంచి చారులో ముంచుకున్నాను. గిన్నె మొత్తం తాగేశాను.

తొమ్మిదిన్నరకి జనం పలచబడ్డాక ఆవిడ మా బల్ల దగ్గర కూర్చుంది. యూనివర్సిటీలో చదివే మనవడు ఇంగ్లిష్‌లో చెప్పాడు. యాయ్ వాళ్లమ్మ కూడా ఇదే అమ్మేదట. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ ఊళ్లోకి వచ్చి జనాన్నంతా పల్లెలకు తోలేసింది. డబ్బే రద్దు చేసేసింది. 1979లో ఆ పాలన కూలాక తల్లీ కూతురూ నడుచుకుంటూ తిరిగొచ్చారు. తండ్రి రాలేదు. 1980 మార్చిలో రియెల్ మళ్లీ వచ్చేదాకా ఊళ్లో నోట్లు లేవు, బియ్యమే డబ్బు. గిన్నె కుయ్‌తియవ్‌కి డబ్బాడు బియ్యం. ఎముకలు దొరక్క ఎండుచేపలతో చారు కాచేవారట. వచ్చిన బియ్యమే నానబోసి, రాతి తిరగలిలో రుబ్బి, ఆవిరి మీద పలచటి రేకులు వేసి కోసి నూడుల్స్ చేసేవారట.

"ఏ డబ్బా?" అన్నాను. ఆవిడ లేచి లోపల్నుంచి తెచ్చింది. ఖాళీ పాల డబ్బా, తీపి చిక్కటి పాలు వచ్చేది. అప్పుడే నా ఐసు కాఫీలో పోసిన పాలు కూడా అలాంటి డబ్బాలోవే. అప్పటి డబ్బా ఇది కాదు, కొలత మాత్రం అదే. ఈ దేశంలో బియ్యం ఇప్పటికీ దీంతో కొలుస్తారు.

రెండు గిన్నెలకీ కాఫీలకీ కలిపి తమ్ముడు సగం డాలర్లలో, సగం రియెళ్లలో ఇచ్చాడు. డాలరుకి 4,000 రియెళ్లు లెక్క. ఆ తర్వాత ఫ్నోమ్ పెన్‌లో ఉన్న నాలుగు పొద్దులూ నేను ఒక్కదాన్నే ఆ సందుకి నడిచి వెళ్లాను.

చివరి రోజు వెళ్లేసరికి ఆవిడ మధ్యాహ్నం వంటకి బియ్యం కొలుస్తోంది. డబ్బా నిండా ముంచి, అరచేత్తో పైన చదును చేసి, తపేలాలో పోస్తూ "మువోయ్, పీ, బై" అని లెక్కపెట్టింది. మా ఊళ్లో అమ్మమ్మ సోలతో కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, 'లాభం' అని మొదలెట్టి రెండు, మూడు అనేదని మనవడితో చెప్పాను. వాడు "లాభం" అంటే ఏంటని అడిగాడు. చెప్పాను. వాడు చెప్పేలోపే యాయ్ తలెత్తి "లియప్?" అంది. ఖ్మేర్‌లో కూడా ఉందట ఆ మాట, కలిసొచ్చిందనే అర్థంలో.

తపేలాలో పోసిన బియ్యం మళ్లీ బస్తాలో వంపేసి, డబ్బా ముంచి, మొదటిదాన్ని "లియప్" అని పోసింది.