చాట్స్‌వర్త్‌లో తోటమాలిదే రాజ్యం

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో, డెర్వెంట్ నది ఒడ్డున ఉన్న చాట్స్‌వర్త్ భవనానికి షెఫీల్డ్ నుంచి బస్సులో వెళ్లాము. ఈ ఎస్టేటు 1549 నుంచి కావెండిష్ వంశం చేతిలో ఉంది. తరువాతి కాలంలో డెవన్‌షైర్ డ్యూకులైనది ఆ వంశస్థులే. జూలియస్ సీజరు కథను గోడలకెక్కించిన పెద్ద హాలు, తలుపు మీద చిత్రించినా నిజంగా మేకుకు వేలాడుతున్నట్టే కనిపించే వయొలిన్ బొమ్మ బాగున్నాయి కాని, గది తరువాత గదిలో బంగారు పూత చూసేసరికి కళ్లు అలసిపోయాయి.

తోటలో అడుగుపెట్టాక అలసట గుర్తు రాలేదు. ఇక్కడ తలచుకోవలసిన పేరు డ్యూకులది కాదు, రైతు కొడుకుగా పుట్టి 1826లో, ఇరవై రెండేళ్ల వయసులో, ప్రధాన తోటమాలిగా చేరిన జోసెఫ్ పాక్స్‌టన్‌ది. తెల్లవారకముందే వచ్చి, గేటు తెరిచేదాకా ఆగలేక గోడ దూకి తోటంతా చూశానని, ఆరు గంటలకల్లా కూలీలను పనిలో పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడన్న ఆశతో ఆరవ డ్యూకు 1844లో కట్టించిన ఎంపరర్ ఫౌంటెన్ ఆయన పనే. పంపు గాని ఇంజను గాని లేకుండా, కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించి, అక్కడి నుంచి గొట్టాల్లో దిగే నీటి ఒత్తిడితోనే ధారను పైకి చిమ్మించాడు. అది 296 అడుగుల ఎత్తుకు లేచిన సందర్భం కూడా ఉంది. చక్రవర్తి మాత్రం రానేలేదు.

పాక్స్‌టన్ 1849లో ఇక్కడ పూయించిన దక్షిణ అమెరికా పెద్ద కలువ ఆకు, ఆయన చిన్నారి కూతురు పైన నిలుచున్నా మునగలేదు. ఆ ఆకు అడుగున ఈనెల అల్లికను చూసి నేర్చుకున్నది 1851 నాటి లండన్ ప్రదర్శనకు ఇనుము, గాజుతో ఆయన రూపొందించిన క్రిస్టల్ ప్యాలెస్ కట్టడానికి ఉపయోగపడింది. మారిషస్ నుంచి తెప్పించిన పొట్టి అరటి మొక్కను కూడా ఇక్కడి అద్దాల ఇంట్లోనే పెంచి, అది కాపుకొచ్చాక దానికి యజమాని వంశం పేరు పెట్టారు. అనంతపురం, కడప జిల్లాల్లో మన రైతులు వేసే జి-9 అరటి ఆ కావెండిష్ వర్గానిదే! 1835లో జాన్ గిబ్సన్ అనే తోటమాలిని భారతదేశానికి పంపి, ఖాసీ కొండల ఆర్కిడ్ మొక్కలను కూడా తెప్పించుకున్నారు. ఎనిమిది బాయిలర్లతో వెచ్చగా ఉంచిన మహా అద్దాల మందిరం మాత్రం ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బొగ్గు దొరకక మొక్కలు చనిపోగా, 1920లో దానిని కూల్చివేశారు.

ఇంత అందం వెనుక నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటుంది. భవనం నుంచి చూస్తే కనిపిస్తున్నదని ఎడెన్సర్ అనే ఊరిని అక్కడి నుంచి తొలగించి, 1838 తరువాత కొండ మలుపు వెనుక కొత్తగా కట్టించారు. ఆ కొత్త ఊరి ఇళ్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ముచ్చటగానే ఉన్నాయి గాని, పాత ఊరివారిని ఎవరైనా అడిగి ఉంటారని నాకు తోచదు. పాక్స్‌టన్ సమాధి కూడా ఆ ఊరి చర్చి ఆవరణలోనే ఉంది. ఎడెన్సర్‌కు పార్కులోంచి నడిచే వెళ్లవచ్చు.