మరునాటి రీడింగు

విజయనగరం మహారాజా కళాశాలలో మేము బి.ఎస్సీ. చదివిన రోజుల్లో చర్య ఏ దిశలో, ఎంతవరకు జరుగుతుందో చెప్పే ఉష్ణగతిక శాస్త్రం, ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే రసాయన గతిక శాస్త్రం పాఠ్యపుస్తకంలో ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు అధ్యాయాలుగా ఉండేవి. ఆ రెంటినీ ఒకే కుప్పెలో చూపించినవారు మా రసాయన శాస్త్రం మేష్టారు.

అందుకు ఆయన ఎంచుకున్నది ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ జలవిశ్లేషణ, అంటే అది నీటితో చర్య జరిపి ఎసిటిక్ ఆమ్లం, ఇథైల్ ఆల్కహాలుగా విడిపోవడం. ఎస్టర్‌ను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, పది నిమిషాలకొకసారి పిపెట్‌తో కొంత ద్రావణం తీసి, మంచుముక్కలు వేసిన నీటిలో వదిలి, ఫినాఫ్తలీన్ సూచికగా క్షారంతో అంశమాపనం చేసేవాళ్లం, అంటే ఎంత క్షారం పడుతుందో చూసి ఆమ్లాన్ని కొలిచేవాళ్లం. చర్య జరిగేకొద్దీ ఎసిటిక్ ఆమ్లం పెరుగుతుంది గనుక బ్యూరెట్ రీడింగూ పెరుగుతూ పోతుంది. మంచు ఎందుకని మేష్టారు తప్పక అడిగేవారు. అణువులు దాటవలసిన ఉత్తేజన శక్తి అంతే ఉన్నా, దాన్ని దాటగల అణువుల వాటా చల్లదనంలో బాగా తగ్గిపోతుంది. ముప్పై డిగ్రీల నుంచి సున్నాకు దిగితే ఈ చర్య వేగం పదోవంతు కంటే కిందికి పడిపోతుంది. ఆరేనియస్ 1889లో ఇచ్చిన సమీకరణం చెప్పేది ఇదే.

అసలు కీలకం చివరి రీడింగులో ఉండేది. కుప్పెకు బిరడా బిగించి వదిలేసి, మరునాడు వచ్చి తీసుకునే ఆ రీడింగును రికార్డులో ‘అనంతకాలపు రీడింగు’ అని రాసేవాళ్లం. అందులోంచి మిగతా రీడింగులను తీసివేసి, సంవర్గమానాలతో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి ప్రథమ క్రమాంక చర్య రేటు స్థిరాంకం దొరుకుతుంది. చాలామందికి అది లెక్కకు కావలసిన ఒక అంకె మాత్రమే. మేష్టారు మాత్రం, నిన్నటి రీడింగులన్నీ గతిక శాస్త్రానివనీ, ఇవాళ్టిది ఒక్కటే ఉష్ణగతిక శాస్త్రానిదనీ అనేవారు. చర్య స్వేచ్ఛాశక్తి తగ్గే దిశలోనే సాగుతుంది గనుక అది ఎక్కడ ఆగాలో స్వేచ్ఛాశక్తి నిర్ణయిస్తుంది, అక్కడికి ఎంతసేపట్లో చేరాలో నిర్ణయించదు. ఆమ్లం ఉత్ప్రేరకమై దారిని సుగమం చేస్తుందే తప్ప గమ్యాన్ని జరపదు. ఎసిటిక్ ఆమ్లాన్నీ ఇథైల్ ఆల్కహాలునూ సమాన మోల్‌లలో కలిపితే సుమారు మూడింట రెండు వంతులు ఎస్టర్‌గా మారి సమతాస్థితి వస్తుంది. సమాన మోల్‌ల ఎస్టర్, నీటితో మొదలుపెట్టినా అక్కడికే చేరుతుంది. మా కుప్పెలో నీరు అత్యధికం గనుక ఎస్టర్ దాదాపు మిగిలేది కాదు.

మా కళాశాల ఏర్పడినది 1879లో. రసాయన ఉష్ణగతిక శాస్త్రానికి పునాది వేసిన గిబ్స్ దీర్ఘ వ్యాసంలోని చివరి భాగం అంతకు ఏడాది ముందే, 1878లో అమెరికాలో అచ్చయింది. ఈ శాస్త్రమూ మనమూ ఒక ఈడువాళ్లమని మేష్టారు చెప్పుకునేవారు. పరీక్షకు పనికిరాని మాటే అయినా నాకు గుర్తుండిపోయింది. వజ్రం గ్రాఫైటుగా మారడం సాధారణ పరిస్థితుల్లో అయత్నీకృతమేననీ, అంటే దానంతట అదే జరగగలదేననీ, మోల్‌కు సుమారు 2.9 కిలోజౌళ్ల స్వేచ్ఛాశక్తి తగ్గుతుందనీ చెప్పి, అయినా ఆ మార్పు వేగం లెక్కలోకి రానంత తక్కువ గనుక నగలు అమ్ముకునేవారు బెంగపడక్కర్లేదనేవారు.

గరివిడి వైపు నుంచి వచ్చే విద్యార్థులకు ఆయన వేసే ప్రశ్న వేరు. అక్కడి ఫేకర్ (ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్) కర్మాగారంలో మాంగనీసు ఖనిజాన్ని కోక్‌తో క్షయకరణం చేసి ఫెర్రో మాంగనీసు అనే ఇనుము-మాంగనీసు మిశ్రలోహం తీసేవారు. మాంగనీసు ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను కార్బన్ ఊడబెరకడానికి ఉష్ణం భారీగా కావాలి. కానీ కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుట్టడంతో ఎంట్రోపీ (అణువుల చెదురుదల) పెరుగుతుంది, ఆ పెరుగుదలను పరమ ఉష్ణోగ్రతతో గుణించాలి గనుక, సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ దాటాక గానీ స్వేచ్ఛాశక్తి మార్పు రుణాత్మకం కాదు. అందుకే విద్యుత్ కొలిమి. మరి ఖనిజాన్ని, కోక్‌ను ఏ పరిమాణంలో వేయాలని అడిగేవారు. ముక్కలు చిన్నవైతే ఉపరితలం పెరిగి చర్య త్వరపడుతుంది, మరీ పొడైతే వాయువు పైకి వచ్చే సందులు మూసుకుపోతాయి. ఈ రెండో భాగానికి డెల్టా జి (స్వేచ్ఛాశక్తి మార్పు) సూత్రం రాసినవారికి ఆయన మార్కులు వేసేవారు కారు.